హోమ్స్, వాట్సన్ అంత మర్యాదగా ఎందుకు?

ప్రశ్న: ఇంగ్లిష్ డిటెక్టివ్ కథల్లో ఒకే ఇంట్లో ఉన్న షెర్లాక్ హోమ్స్, అతని స్నేహితుడు వాట్సన్ చివరిదాకా ఇంటిపేర్లతోనే పిలుచుకుంటారు. అంత దూరమెందుకు?
– ఒక పాఠకురాలు, కాజీపేట

జవాబు: దూరం కాదమ్మా, చనువే. ఆ కథల కాలపు ఇంగ్లండులో చదువుకున్న మగవాళ్లు స్నేహితుణ్ని ఉత్త ఇంటిపేరుతో పిలిచేవాళ్లు. ‘మిస్టర్’ తీసేశారంటేనే దగ్గరైనట్టు. ఒక కథలో వాట్సన్‌ తొడకు తుపాకీ గుండు తగులుతుంది. ఎప్పుడూ చలించని హోమ్స్ పెదవులు వణుకుతాయి. దెబ్బేం తగల్లేదని చెప్పమని బతిమాలతాడు. అప్పుడు కూడా నోట వచ్చింది ‘వాట్సన్’ అనే! నాకు ఆ కథల్లో అన్నిటికన్నా ఇష్టమైన చోటు అదే.

మా హన్మకొండ బడిలో లెక్కల సారు, తెలుగు సారు ఒకే డబ్బాలో సర్వపిండి పంచుకుంటూ కూడా ‘మీరు తీసుకోండి సార్’ అనుకునేవాళ్లు. వాళ్లకంటే దగ్గరి స్నేహితుల్ని నేను చూడలేదు.