సాయంత్రం తాగిన కాఫీ రాత్రి నిద్రను చెడగొడుతుందా?

చెడగొడుతుంది, పడుకోవడానికి 6 గంటల ముందు తాగినా చాలామందిలో నిద్ర తగ్గుతుంది.

మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పేరుకుంటూ ఉంటుంది. అది తన గ్రాహకాలకు (మెదడు కణాల మీద దాన్ని అందుకునే చోట్లకు) అతుక్కుంటే నిద్ర ముంచుకొస్తుంది. కాఫీలోని కెఫీన్ ఆ చోటును ముందే ఆక్రమిస్తుంది. అలసట తీరదు, తెలియకుండా పోతుందంతే. పైగా ఒంట్లో కెఫీన్ సగానికి తగ్గడానికే సుమారు 5 గంటలు పడుతుంది. గర్భిణుల్లో, గర్భనిరోధక మాత్రలు వాడేవారిలో ఇంకా ఎక్కువ. పొగతాగేవారిలో తక్కువ (అలాగని అది మేలేమీ కాదు, నికోటిన్ కూడా నిద్ర చెడగొట్టేదే).

ఉదాహరణకు సాయంత్రం 6కి 100 మి.గ్రా. కెఫీన్ ఉన్న కప్పు తాగితే, రాత్రి 11కి ఇంకా దాదాపు 50 మి.గ్రా. మిగిలే ఉంటుంది. అర కప్పు తాగి పడుకున్నట్టే.

"కాఫీ తాగినా నాకు హాయిగా నిద్ర పడుతుంది" అనుకోవడమే చాలామంది చేసే పొరపాటు. నిద్ర పట్టడం వేరు, గాఢనిద్ర దక్కడం వేరు. అది తగ్గిన సంగతి పడుకున్నవారికి తెలియదు. పొద్దున బడలికగా లేచి మళ్లీ కాఫీకే చేయి చాస్తారు. రాత్రి 10కి పడుకునేవారు మధ్యాహ్నం 2 దాటాక కాఫీ, టీ, కోలా, ఎనర్జీ డ్రింకులు మానాలి. రోజూ నాలుగైదు కప్పులు అలవాటైనవారు ఒక్కసారిగా ఆపితే తలనొప్పి రావచ్చు. రెండు మూడు రోజులకో కప్పు చొప్పున తగ్గించుకోవాలి.