తాడు లాగలేకపోతున్నాను, బ్యాటరీ మిషన్ కొననా?

(పనిముట్ల మీద పాఠకుల ప్రశ్నలకు నెల్లూరులో 28 ఏళ్లుగా గడ్డి మిషన్లు, స్ప్రేయర్లు బాగుచేస్తున్న మెకానిక్ జవాబులు)

ప్రశ్న: మాది పొదలకూరు పక్కన పల్లె. రెండెకరాల నిమ్మతోట, ఇంటి చుట్టూ యాభై అంకణాల జాగా ఉన్నాయి. మా ఆయన కువైట్ వెళ్లి ఏడాదిన్నర అయింది. ఆయన గడ్డి కోయడానికి వాడిన పెట్రోలు బ్రష్ కట్టర్ ఇంట్లోనే ఉంది గానీ తాడు ఎంత లాగినా స్టార్ట్ కాదు, భుజం పడిపోతోంది. హైదరాబాదులో ఉన్న మా అబ్బాయి బ్యాటరీది ఆన్‌లైన్‌లో బుక్ చేస్తానంటున్నాడు. మన ఎండలకు అది ఆగుతుందా? దాంతో తోటంతా కోసుకోగలనా?
— ఒక సోదరి, పొదలకూరు మండలం

జవాబు: అమ్మా, కొత్తది కొనే ముందు పాతది ఎందుకు లేవడం లేదో చెబుతాను. ఆ తాడు లాగి లాగి భుజం నొప్పి తెచ్చుకుని మా షాపుకు వచ్చేవాళ్లను రోజూ చూస్తున్నాను. ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. ఇథనాల్‌కు చెమ్మను పీల్చుకునే గుణం ఉంది. ట్యాంకులో నెలల తరబడి నిలవ ఉంటే నీళ్లు అడుక్కు దిగుతాయి, కార్బురేటర్‌లో జిగురు కడుతుంది, పాత మోడళ్లలో దాని లోపలి డయాఫ్రం అనే రబ్బరు పొర పాడవుతుంది. ఏడాదిన్నర మూలన ఉన్న మిషన్‌ను మీరు కాదు, పహిల్వాన్ వచ్చి లాగినా లేవదు. తప్పు మీ భుజానిది కాదు. ట్యాంకు ఖాళీ చేయించి, కార్బురేటర్ కడిగించి, డయాఫ్రం, ప్లగ్గు మార్పించండి. చాలావరకు లేస్తాయి. దాన్ని పాత ఇనుముకు మాత్రం వేయొద్దు, ఇంకా దాంతో పనుంది.

ఇక బ్యాటరీ సంగతి. కొనెయ్యండి అని ఒక్క మాటలో చెప్పొచ్చు, అంగట్లో అదే చెబుతారు. నేను మాత్రం మీ పని ఎన్ని నిమిషాలదో ముందు అడుగుతాను. పెట్రోలు మిషన్‌కు నిమిషాలతో పనిలేదు, అయిపోతే మళ్లీ పోసుకుంటాం. బ్యాటరీకి మొత్తం లెక్కంతా నిమిషాల్లోనే ఉంది.

పోయిన శ్రావణంలో చేజెర్ల వైపు మా తోటలో నేనే కొలిచి చూశాను. వాన వెలిసి మూడో రోజు. మోకాలెత్తు తుంగ, గరిక, మధ్యమధ్య వయ్యారిభామ. మిషన్‌కు 36 వోల్టుల, 4 ఆంపియర్ అవర్ బ్యాటరీ. గడియారం చూసుకుని, బ్లేడుకు బదులు తిరుగుతూ గడ్డి కోసే నైలాన్ దారంతో మొదలుపెడితే 22 నిమిషాలకు ఆగిపోయింది. అప్పటికి ఎనిమిది చెట్ల మధ్య జాగా శుభ్రమైంది. కోత బాగుంది, ఆ మాట ఒప్పుకోవాలి. పొగ లేదు, చేతులు తిమ్మిరెక్కలేదు, పక్క గెనెం మీద మాట్లాడుకునేవాళ్ల మాటలు వినిపిస్తున్నాయి. కానీ బ్యాటరీ తీసి పట్టుకుంటే వేణ్ణీళ్ల చెంబు పట్టుకున్నట్టుంది. చార్జర్‌లో పెడితే ఎర్ర లైటు కొట్టుకుంటోందే గానీ తీసుకోలేదు. వేపచెట్టు నీడన అరగంట ఉంచాకే పచ్చ లైటు వచ్చింది. నిండడానికి ఇంకో గంటంబావు పట్టింది.

ఆరేసి మీటర్ల ఎడంతో వేసిన తోటలో ఎకరానికి 110 చెట్లు పైచిలుకు ఉంటాయి. ఛార్జికి ఎనిమిది చెట్ల లెక్కన ఎకరానికి 14 ఛార్జీలు, మీ రెండెకరాలకు 28. రెండు బ్యాటరీలు పెట్టుకుని రోజూ రెండు ఛార్జీలు కోసినా 14 రోజులు పడుతుంది. వానాకాలంలో మీరు చివరి వరసకు వచ్చేసరికి మొదటి వరసలో గడ్డి మళ్లీ జానెడు లేచి ఉంటుంది. ఇది మిషన్ లోపం కాదమ్మా. లీటరు పెట్రోలులో కరెంటు లెక్కన సుమారు 9 యూనిట్ల శక్తి ఉంటుంది. చిన్న ఇంజన్ అందులో చాలా భాగాన్ని వేడిగా, పొగగా పారేసినా, మిగిలింది కూడా ఎక్కువే. నేను వాడిన బ్యాటరీలో ఉన్నది 36 ఇంటూ 4, అంటే 144 వాట్ అవర్లు. వెయ్యి వాట్ అవర్లు ఒక యూనిట్ కదా, అందులో ఏడో వంతు.

అందుకని నా సలహా ఇది. ఇంటి చుట్టూ జాగాకు, నిమ్మపాదుల చుట్టూ, డ్రిప్ పైపుల పక్కన పనికి బ్యాటరీది కొనుక్కోండి. రోజూ సాయంత్రం ఎండ చల్లబడ్డాక అరగంట చేసుకునే పని అది, మీ చేతుల్లో ఉంటుంది, ఎవరినీ బతిమాలక్కర్లేదు. చెట్ల వరసల మధ్య పెద్ద కోతకు మాత్రం బాగుచేయించిన పాత పెట్రోలు మిషన్‌ను కూలి మనిషికిచ్చి ఏడాదికి రెండు మూడు సార్లు కోయించండి. పని అయిన రోజే ట్యాంకు ఖాళీ చేయించి, మిషన్ దానంతట అది ఆగిపోయేదాకా తిప్పమనండి. పెట్రోలులోనే ఆయిల్ కలిపి పోసే టూ స్ట్రోక్ ఇంజన్ అయితే లీటరుకు ఆయిల్ ఎంత కలపాలో మూత మీద ఉంటుంది. 50కి 1 అని ఉంటే 20 మిల్లీలీటర్లు, 25కి 1 అని ఉంటే 40. కంటి లెక్కన పోస్తే మొదట పోయేది పిస్టనే.

డబ్బు లెక్క కూడా చెప్పాలి కదా. ఆ 22 నిమిషాల పనికి మా పెట్రోలు మిషన్ పావు లీటరు తాగుతుంది. లీటరు 110 రూపాయలు అనుకుంటే 28 రూపాయలు, ఆయిల్ కాక. బ్యాటరీ ఒకసారి నిండడానికి యూనిట్ ఆరు రూపాయలనుకున్నా రూపాయి చిల్లర. అంటే ఛార్జికి 27 రూపాయల దాకా మిగులు. అదనపు బ్యాటరీ 8,000 పెట్టి కొంటే 300 ఛార్జీలకు దాని ఖరీదు తిరిగొస్తుంది. బ్యాటరీ ఆ 300 ఛార్జీల దాకా బతకాలి, అసలు విషయం అక్కడుంది. దాన్ని చంపేది పని కాదు, మన వేడి.

లిథియం బ్యాటరీని 45 డిగ్రీలు దాటిన వేడిలో ఛార్జి చేయకూడదు. మే నెలలో మన దగ్గర నీడలోనే ఆ దరిదాపులకు వెళ్తుంది, ఇక మోటారు దగ్గర రేకుల షెడ్డు సంగతి చెప్పక్కర్లేదు. బ్యాటరీని, చార్జర్‌ను ఆ షెడ్డులో ఒక్క రోజు కూడా ఉంచొద్దు. ఇంట్లోకి తెచ్చుకోండి. కోశాక అరగంట చల్లారనిచ్చి, రాత్రి పూట ఛార్జి పెట్టండి. త్వరగా చల్లారుతుందని నీళ్లలో ముంచకండి. ఆ పని చేసి తెచ్చిన రెండు బ్యాటరీలు నా బల్ల మీదకు వచ్చాయి, రెండూ పోయాయి. నెల రెండు నెలలు పని లేదనుకుంటే పూర్తిగా నింపి కాదు, ఖాళీగానూ కాదు, సగం ఛార్జితో గదిలో పెట్టండి.

మీ అబ్బాయికి ఈ ముక్క చదివి వినిపించండి. ఆన్‌లైన్‌లో తక్కువ ధరకు వచ్చే మిషన్ల బ్యాటరీ మీద 48 వీఎఫ్, 88 వీఎఫ్ అని పెద్ద అక్షరాలు ఉంటాయి. అవి చూసి మోసపోయి నేనూ ఒకటి తెప్పించాను. విప్పి చూస్తే లోపల ఐదే సెల్స్. ఒక్కో సెల్ 3.6 వోల్టులు, మొత్తం 18. పూర్తిగా నిండినప్పుడు 21 దాకా చూపిస్తుంది, అంతే. పెద్ద కంపెనీలు కూడా ఒకరు 18 అని, ఇంకొకరు 20 మ్యాక్స్ అని రాస్తారు, రెండూ ఒకటే. 36, 40 మ్యాక్స్ కూడా అంతే. కాబట్టి వోల్టుల అంకె ఒక్కటే చూసి కొనొద్దు, వాట్ అవర్లు ఎన్నో అడగండి. చెప్పలేని వాడి దగ్గర కొనకండి. అదనపు బ్యాటరీ విడిగా దొరుకుతుందా, నెల్లూరులోనో గూడూరులోనో బాగుచేసే మనిషి ఉన్నాడా అన్నది ధర కంటే ముందు తేల్చుకోండి.

ఇంకో రెండు మాటలు, నాకు వీటి మీదే ఎక్కువ బెంగ. నిమ్మ మొదలుకు జానెడు దూరంలోనే దారం ఆపెయ్యండి, ఆ జానెడూ చేత్తో పీకండి. నైలాన్ దారం తగిలి బెరడు లేచిన చోట బంక తెగులు చేరుతుంది. పదేళ్ల చెట్టు మొదట్లో తేనె రంగు బంక కారుతుంటే చూసి తట్టుకోలేం. రెండోది, దారం చుట్టూ గడ్డి చిక్కుకుంటే బ్యాటరీ ఊడదీసి పక్కన పెట్టాకే చెయ్యి పెట్టండి. పెట్రోలు మిషన్ ఆగిందో లేదో చప్పుడే చెబుతుంది. బ్యాటరీది తిరగనప్పుడు చప్పుడుండదు, స్విచ్చికి వేలు తగిలిందంటే ఆ క్షణమే తిరుగుతుంది. కళ్లద్దాలు లేకుండా మాత్రం ఏ మిషనూ పట్టొద్దు తల్లీ.

ప్రశ్న: ఒంగోలులో మా ఇంటి ముందు మూడు సెంట్ల లాన్ ఉంది. పెట్రోలు లాన్ మూవర్‌తో నేనే కోస్తాను. ఉదయం మొదలుపెట్టగానే పక్కింటి చంటిబిడ్డ ఉలిక్కిపడి ఏడుస్తోంది, ఆ తల్లి ఏమీ అనదు గానీ నాకే బాధగా ఉంది. మిషన్ బాగానే పనిచేస్తోంది. పాడుకాకముందే మార్చడం దండగంటారా?
— రిటైర్డ్ ఉపాధ్యాయుడు, ఒంగోలు

జవాబు: మాస్టారూ, మార్చేయండి. మూడు సెంట్లంటే ఇరవై నిమిషాల పని, ఒక్క ఛార్జికి అయిపోతుంది. నిమిషాల టెన్షన్ మీకు లేదు. ఇంతేసి చిన్న లాన్‌కు బ్యాటరీ కూడా అక్కర్లేదు, వైరుతో నడిచే కరెంటు మూవర్ ఇంకా చౌక. ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైన్ కట్ చేసే స్విచ్చి) ఉన్న లైన్ నుంచే వైరు తీసుకోండి, మంచు తడి ఆరాకే కోయండి, వైరును ఎప్పుడూ కోసేసిన వైపే ఉంచుకోండి.

బిడ్డ కోసం అన్నారు, మీ చెవుల కోసం కూడా. నేను 28 ఏళ్లు ఇంజన్ల పక్కన నిలబడ్డాను. మొదటి పదిహేనేళ్లు చెవుల్లో దూది కూడా పెట్టుకోలేదు. ఇప్పుడు రాత్రి ఫ్యాను ఆపితే కుడి చెవిలో సన్నటి ఈల వినిపిస్తూనే ఉంటుంది, అది పోదని డాక్టర్ చెప్పేశారు. మా షాపులో పనిచేసే పిల్లలెవరూ చెవి మూతలు లేకుండా ఇంజన్ స్టార్ట్ చేయడానికి ఇప్పుడు వీల్లేదు. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం 2021లో చట్టం చేసి, 2024 మోడళ్ల నుంచి కొత్త పెట్రోలు గడ్డి మిషన్లు, ఆకులు ఊదే బ్లోయర్ల అమ్మకం ఆపింది. అక్కడ కారణం ముఖ్యంగా పొగ. ఉన్నవాటిని వాడుకోవద్దని మాత్రం అనలేదు. మీ పాతదాన్ని కూడా పారేయక్కర్లేదు, పెద్ద ఆవరణ ఉన్న ఏ బడికో ఇచ్చేయండి.

కొత్తది వచ్చాక రెండు జాగ్రత్తలు. బ్లేడు మొద్దుబారితే పెట్రోలు ఇంజన్ మూలుగుతూనైనా లాగుతుంది, బ్యాటరీ మాత్రం ఊరికే ఖాళీ అవుతుంది. రెండు నెలలకోసారి సాన పట్టించండి. గడ్డి ఎత్తులో మూడో వంతు కంటే ఎక్కువ ఒకేసారి తీయకండి. ఊరెళ్లి వచ్చి బాగా పెరిగిపోయి ఉంటే, ఎత్తు పెంచి ఒకసారి, రెండు రోజులాగి తగ్గించి మరోసారి కోయండి.

ప్రశ్న: తైవాన్ స్ప్రేయర్ (పెట్రోలుతో నడిచేది) బరువు, వాసన పడక 16 లీటర్ల బ్యాటరీ స్ప్రేయర్ కొన్నాను. ఏడాదికే బ్యాటరీ పోయింది, నాలుగు ట్యాంకులు కూడా కొట్టడం లేదు. లిథియందంటూ అమ్ముతున్నారు, అది వేయించుకోవచ్చా?
— ఒక రైతు, కావలి

జవాబు: అన్నా, మీది 12 వోల్టుల, 8 ఆంపియర్ అవర్ సీసం బ్యాటరీ అయ్యుంటుంది. దాని పద్ధతి లిథియానికి పూర్తిగా వ్యతిరేకం. సీసం బ్యాటరీని ఖాళీగా ఉంచితే పలకల మీద సల్ఫేటు పేరుకుని గట్టిపడుతుంది, ఆ తర్వాత ఎంతసేపు ఛార్జి పెట్టినా పట్టదు. మందు కొట్టి వచ్చి మిషన్‌ను మూలన పెట్టేసి, మళ్లీ నెలన్నరకు తీసి ఉంటారు. మా దగ్గరికి వచ్చేవాటిలో ఎక్కువ ఇలా పోయినవే. కొట్టిన రోజు రాత్రే నింపాలి, పంట లేని రోజుల్లో కూడా నెలకోసారి నింపాలి.

లిథియం వేయించుకోవచ్చు. వీపు మీద బరువు తగ్గుతుంది, ఆ తేడా సాయంత్రానికి నడుముకు తెలుస్తుంది. కానీ పాత చార్జర్ దానికి పెట్టొద్దు, లిథియానికి తగిన చార్జర్ కలిపి ఇస్తేనే తీసుకోండి. పాత బ్యాటరీని చెత్తకుప్పలోనో కాలవలోనో పడేయకండి. సీసం బ్యాటరీని షాపువాళ్లే తూకానికి తీసుకుంటారు. లిథియందైతే, 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాతవాటిని వెనక్కి సేకరించే బాధ్యత తయారీదారుదే, కాబట్టి అమ్మినచోటే అడగండి. కొత్తది పెట్టించిన రోజు తేదీని మార్కర్‌తో దాని మీద రాసుకుని, బిల్లును ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి. వారంటీ అడగడానికి వెళ్లినప్పుడు ఆ రెండే పనికొస్తాయి.