బుడ్డోడితో డిస్నీకి: పెద్దమ్మ ఉత్తరం

చిన్నీ,

నిన్న ఫోన్లో నువ్వు బుడ్డోడిని ఓర్లాండోలోని డిస్నీ వరల్డ్‌కి తీసుకెళ్ళడానికి వేసిన ఆ స్ప్రెడ్‌షీట్ చదివి వినిపిస్తుంటే నవ్వు ఆపుకోలేకపోయాను, ఏమీ అనుకోకు. పొద్దున తొమ్మిదింటికి ఒక రైడ్, తొమ్మిదీ నలభైకి ఇంకోటి, అలా రాత్రి బాణసంచా దాకా నిమిషాలతో సహా రాసుకున్నావు. ముప్పై ఏళ్ళ కిందట మీ పెదనాన్న కూడా ఇలాంటిదే ఒక తెల్లకాగితం మీద రాశారు. మేం ఫ్లోరిడాలో ఈ టాంపా వచ్చి అప్పటికి ఆరు నెలలు. మీ అక్కకి రెండేళ్ళు దాటి మూడు నెలలు. "ఇంత డబ్బు పోసి టికెట్లు కొన్నాం, గేటు తీసినప్పుడు వెళ్ళి మూసేటప్పుడు వద్దాం" అన్నారాయన. మధ్యాహ్నం రెండింటికి అది నిద్ర చాలక ఏడుపు అందుకుంది. ఎత్తుకుంటే దింపమనేది, దింపితే ఎత్తుకోమనేది. రాత్రి బాణసంచా మొదటి చప్పుడుకే నా మెడ కరుచుకుని వణికిపోయింది. ఎలాగో జనంలోంచి బయటపడి పార్కింగ్‌కి వస్తే కారు ఎక్కడ పెట్టామో ఇద్దరికీ గుర్తు లేదు. అప్పట్లో పార్కింగ్ భాగాలకి స్నోవైట్ కథలోని మరుగుజ్జుల పేర్లు ఉండేవి. ఆయన స్లీపీ అంటారు, నేను గ్రంపీ అంటాను. ముప్పావుగంట తిరిగాం. ఆ ముప్పావుగంటలో మేం ఒకరినొకరు అనుకున్న మాటలు మాత్రం ఇక్కడ రాయను. ఇప్పుడు ఆ పేర్లు తీసేసి హీరోల పేర్లు, విలన్ల పేర్లు పెట్టారు. ఏ పేరైతేనేం, కారు దిగగానే ఆ బోర్డు ఫోటో తీసుకో.

నీ షీటులో అన్నీ ఉన్నాయి, బుడ్డోడి మధ్యాహ్నం నిద్ర ఒక్కటే లేదు. ముందు అది రాయి. వాడు ఇంట్లో పన్నెండున్నరకి పడుకుంటే అక్కడా పన్నెండున్నరకే పడుకోవాలి. మిగతావన్నీ దాని ముందు కొన్ని, దాని తర్వాత కొన్ని. తెరిచే టైముకి వెళ్ళండి, పదకొండున్నరకల్లా బయటపడండి, హోటల్లో నిద్రపోనివ్వండి. సాయంత్రం వాడు హుషారుగా ఉంటే మళ్ళీ వెళ్ళండి, లేదంటే మానేయండి. అదే టికెట్‌తో ఆ రోజంతా అదే పార్కులోకి ఎన్నిసార్లైనా వెళ్ళి రావచ్చు. ఇద్దరు ముగ్గురు మనవలని తిప్పాక చెబుతున్నాను, రెండున్నరేళ్ళ పిల్లాడితో పొద్దున మూడు గంటలు బాగా గడిస్తే ఆ రోజు గిట్టుబాటు అయినట్టే.

వెళ్ళడం మాత్రం వాడి మూడో పుట్టినరోజు లోపే వెళ్ళండి. మూడేళ్ళు నిండని పిల్లలకి పార్కులో టికెట్ అక్కర్లేదు. విమానంలో అలా కాదు, రెండేళ్ళు నిండితే వాడికీ సీటు కొనాల్సిందే. బఫే భోజనాల దగ్గర కూడా మూడేళ్ళ లోపు వాళ్ళకి డబ్బు తీసుకోరు, మీ పళ్ళెంలోంచి పెట్టుకోవచ్చు. జనవరి చివర్లోనో ఫిబ్రవరి మొదట్లోనో, వారం మధ్యలో చూసుకో. ఫిబ్రవరి మధ్యలో వచ్చే ప్రెసిడెంట్స్ డే సెలవు వారాంతం, స్ప్రింగ్ బ్రేక్, థ్యాంక్స్‌గివింగ్, క్రిస్మస్ వద్దు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మధ్యాహ్నం పూట ఉరుములతో వాన దంచుతుంది, మెరుపులు కనిపిస్తే ఆరుబయట రైడ్లు ఆపేస్తారు. ఇక ఆ ఉక్కపోత అంటావా, మే నెలలో తెనాలి అనుకో.

ఉండటానికి మీకు రెండు దారులున్నాయి. పక్క ఊరు కిసిమీ వైపు వంటిల్లున్న అద్దె ఇల్లు చవక, మీ అత్తయ్యగారికి కాఫీ, అన్నం ఇబ్బంది ఉండదు. కానీ పన్నెండున్నర నిద్ర కోసం అంత దూరం పోయి రావడం కుదరదు. మీరు ఐదుగురు కాబట్టి నేనైతే డిస్నీ వాళ్ళ ఆర్ట్ ఆఫ్ యానిమేషన్ హోటల్లో ఫ్యామిలీ సూట్ తీసుకుంటాను. ఆరుగురు పడుకోవచ్చు, రెండు బాత్‌రూములు, మైక్రోవేవ్, చిన్న ఫ్రిజ్ ఉంటాయి. మైక్రోవేవ్‌లో అన్నం వండే ప్లాస్టిక్ గిన్నె ఒకటి పెట్టుకుంటే పెరుగన్నానికి లోటుండదు. అక్కడినుంచి స్కైలైనర్ అని కేబుల్ కారు రెండు పార్కులకి, ఎప్‌కాట్‌కీ హాలీవుడ్ స్టూడియోస్‌కీ పోతుంది. స్ట్రాలర్ మడవకుండా అలాగే తోసుకుని ఎక్కేయొచ్చు. మ్యాజిక్ కింగ్‌డమ్ పార్కుకి మాత్రం బస్సు, అందులో స్ట్రాలర్ మడవాలి. నిద్రపోతున్న పిల్లాడిని లేపి, స్ట్రాలర్ మడిచి, బస్సులో ఒళ్ళో పెట్టుకోవడమంటే ఏమిటో ఒకసారి అనుభవిస్తే తెలుస్తుంది. అలాంటప్పుడు ఉబర్ పిలుచుకోండి, కారు సీటు మీ దగ్గరే ఉంటుందిగా.

మీవాడికి ఆ స్కైలైనరే ఒక రైడ్ చూడు. మోనోరైలూ అంతే. కంటెంపరరీ అనే హోటల్ భవనం మధ్యలోంచి దూరి పోతుంది ఆ రైలు. మా రెండో మనవడు దాని కోసం పార్కు వదిలేసి వరసగా నాలుగుసార్లు తిరిగాడు. దానికి పైసా ఖర్చు లేదు.

సలహాలిచ్చేవాళ్ళు కొంతమంది మొదటి రోజే మ్యాజిక్ కింగ్‌డమ్ వద్దంటారు. నేను ఒప్పుకోను. చిన్నపిల్లలకి పనికొచ్చేది ప్రధానంగా అదే. డంబో ఏనుగు, టీ కప్పులు, గుర్రాల రంగులరాట్నం, స్మాల్ వరల్డ్ పడవ, ఇవన్నీ 1971 అక్టోబరు 1న పార్కు తెరిచిన నాటివి. ఆ రంగులరాట్నమైతే 1917లోనే తయారైంది, ఎక్కడో తిరుగుతున్నదాన్ని కొని తెచ్చి బాగుచేశారు. వీటికి ఎత్తు నిబంధన లేదు, వాడిని పక్కన కూర్చోబెట్టుకుని ఎక్కొచ్చు. పీటర్ పాన్ దగ్గర లైను ఎప్పుడూ పెద్దదే కాబట్టి పొద్దున్నే అక్కడికి వెళ్ళండి. సెవెన్ డ్వార్ఫ్స్ రైలుకి 38 అంగుళాల ఎత్తుండాలి, బార్న్‌స్టార్మర్‌కి 35. రెండోది మీవాడికి అందొచ్చు. ఇప్పుడే గోడకి నిలబెట్టి పెన్సిల్ గీత పెట్టి కొలువు. అక్కడి కొలకర్ర కింద నిలబెట్టాక ఎత్తు చాలదంటే, ఏడ్చేది వాడు కాదు, అల్లుడుగారు.

పెద్ద రైడ్లు మీరిద్దరూ వదులుకోనక్కర్లేదు. లైను మొదట్లో నిలబడ్డ ఉద్యోగిని "రైడర్ స్విచ్" అని అడుగు. ఒకరు లైనులో వెళ్ళొస్తే, పిల్లాడి దగ్గర ఉండిపోయిన రెండోవాళ్ళని తర్వాత చిన్న లైనులోంచి పంపుతారు. మీ అత్తయ్యగారు మావయ్యగారు ఉన్నారు కదా, వాళ్ళ దగ్గర వదిలి ఇద్దరం కలిసి పోతాం అనుకుంటున్నావేమో. ఒకసారి బాగుంటుంది. రెండోసారికి వాళ్ళేమీ అనరు కానీ నీకే తెలుస్తుంది. వాళ్ళు రైడ్లు ఎక్కరని కూడా ముందే తీర్మానించకు. మీ అమ్మమ్మ మా దగ్గరికి వచ్చినప్పుడు చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని స్మాల్ వరల్డ్ పడవ ఎక్కింది, మన దేశం బొమ్మలు వచ్చేసరికి చప్పట్లు కొట్టింది, దిగగానే ఇంకోసారి ఎక్కుదామంది. పెద్దవాళ్ళకి చెప్పులు కాదు, బూట్లు కొను. రోజుకి పదివేల అడుగులు సులువుగా దాటుతాయి. మావయ్యగారి మోకాళ్ళ సంగతి నాకు తెలుసు, గేటు దగ్గరే చక్రాల కుర్చీ అద్దెకి దొరుకుతుంది. ఆయన వద్దంటారు. తీసుకుని పక్కన తోసుకుంటూ పో, పదింటికల్లా ఆయనే కూర్చుంటారు.

రెండో పార్కు యానిమల్ కింగ్‌డమ్ పెట్టుకోండి. పొద్దున్నే సఫారీ లారీ ఎక్కితే జిరాఫీలు దగ్గరగా కనిపిస్తాయి. అక్కడే ఆసియా అని ఒక భాగం ఉంది, ఆనందపూర్ అని ఊరు కల్పించారు. రంగు వెలిసిన గోడలు, చిరిగిన పోస్టర్లు, కరెంటు తీగలు. అంత ఖర్చు పెట్టి మా బస్టాండు చూపించడానికి తీసుకొచ్చారా అన్నారు మా మామగారు. పులుల్ని చూశాక శాంతించారు. ఆ రెండు పార్కుల మధ్య ఒక రోజు ఖాళీ వదులు. హోటల్ ఈతకొలనులో ఆడుకోవడానికే వాడికి ఆ రోజు సరిపోదు. మూడో టికెట్ రోజున మళ్ళీ మ్యాజిక్ కింగ్‌డమ్, వాడికి నచ్చినవే మళ్ళీ. ఒకే రోజు పార్కులు మారే టికెట్ మీకు దండగ.

తిండి విషయం. బయటి తిండి లోపలికి తీసుకెళ్ళనిస్తారు, గాజు సీసాలు మాత్రం వద్దు. విడిగా ఐసు ముక్కలు ఒప్పుకోరు, గడ్డకట్టించిన ఐస్ ప్యాకులు పెట్టుకో. ప్రతి పార్కులో బేబీ కేర్ సెంటర్ అని ఉంటుంది. మ్యాజిక్ కింగ్‌డమ్‌లో అది క్రిస్టల్ ప్యాలెస్ రెస్టారెంట్ పక్కన. డైపర్ మార్చే బల్లలు, పాలిచ్చే గది, ఎత్తు కుర్చీలు, మైక్రోవేవ్, అన్నీ ఉంటాయి, పైగా ఏసీ. పొద్దున డబ్బాలో నెయ్యి వేసి కలిపిన పప్పన్నం పదకొండింటికి అక్కడ ముప్పై సెకన్లు వెచ్చబెట్టి, మా మనవడికి తినిపించాను. పక్క కుర్చీలో ఇంకో దేశపు అమ్మమ్మ తన మనవడికి ఏదో గంజి పెడుతోంది, ఇద్దరం ఒకరి డబ్బాలోకి ఒకరం తొంగిచూసి నవ్వుకున్నాం. మీకు మాత్రం ఒక పూట సనా అనే రెస్టారెంట్‌లో టేబుల్ బుక్ చెయ్యి. యానిమల్ కింగ్‌డమ్ లాడ్జిలో ఉంటుంది, నాన్ రొట్టెలు, రకరకాల పచ్చళ్ళు పెడతారు, కిటికీలోంచి జిరాఫీలు కనిపిస్తాయి. 60 రోజుల ముందు నుంచి బుకింగ్ ఇస్తారు. మంచినీళ్ళు కొనకు, ఫాస్ట్‌ఫుడ్ కౌంటర్లలో అడిగితే ఐసు నీళ్ళు ఉచితంగా ఇస్తారు.

స్ట్రాలర్ మీదే తీసుకెళ్ళు. వాళ్ళు అద్దెకిచ్చేవి గట్టి ప్లాస్టిక్‌వి, వెనక్కి వాలవు, వాడు నిద్రపోలేడు. వెడల్పు 31 అంగుళాలు, పొడవు 52 అంగుళాలు మించకూడదు, బండి లాంటి వ్యాగన్లు రానివ్వరు. రైడు ఎక్కే ముందు బయట వదిలి వెళ్ళాలి. తిరిగొచ్చేసరికి పనివాళ్ళు సర్ది వేరే వరసలో పెట్టేస్తారు, వంద నల్ల స్ట్రాలర్లలో నీది ఏదో తెలియదు. హ్యాండిల్‌కి ఏదైనా కొట్టొచ్చే రంగు గుడ్డ కట్టు. వాడి చొక్కాకి లోపలివైపు నీ ఫోన్ నంబరు రాసిన టేపు అంటించు, రోజూ పొద్దున బయల్దేరేటప్పుడు వాడి ఫోటో ఒకటి తీసుకో. ఆ రోజు ఏ బట్టలు వేశావో కంగారులో నీకే గుర్తుండదు.

మిక్కీ దగ్గరికి వాడిని తోయకు. టీవీలో అరచేతంత ఉండే ఎలుక ఎదురుగా నిలువెత్తు మనిషిలా నిలబడితే ఎవరికైనా భయమే. దూరం నుంచి చెయ్యి ఊపనివ్వు, వాడే కదిలితే వెళ్ళు. మేం పోయిన ఏడాది వెళ్ళినప్పుడు కోట ముందు ఫోటో తీద్దామని మా మనవడిని నిలబెట్టాం. ఎండ పడి కోట మెరిసిపోతోంది. వాడు కోటకి వీపు తిప్పి చప్టా మీద కూర్చున్నాడు. ఒక బాతు. గోధుమరంగు మామూలు బాతు, ఎవరో పారేసిన పాప్‌కార్న్ ఏరుకుంటోంది. వాడు దాని వెనకే వంగి వంగి నడిచాడు, అది ఆగితే ఆగాడు, అది రెక్క దులుపుకుంటే చేతులు దులుపుకున్నాడు. మీ అక్క టైము చూసుకుంటోంది, ఏదో రైడ్‌కి లైను తప్పించుకోవడానికి ముందే కొన్న టైము దాటిపోతోందట. ఉండనివ్వవే అన్నాను. ఇరవై ఐదు నిమిషాలు. ఇప్పటికీ డిస్నీ అంటే వాడు "బాతు" అంటాడు.

బాణసంచా వద్దనడం లేదు, దగ్గరగా వద్దు. చెవులకి పెట్టే మఫ్‌లు కొని ముందు ఇంట్లో అలవాటు చెయ్యి. పాలినీషియన్ హోటల్ ముందు ఇసుకలో కూర్చుంటే చెరువు అవతల అంతా కనిపిస్తుంది, పాటలు కూడా వినిపిస్తాయి, చప్పుడు తగ్గుతుంది. వాడు నిద్రపోతే స్ట్రాలర్‌లోనే వదిలి మీరు చూడండి.

ఇంకొకటి మర్చిపోయాను. మ్యాజిక్ కింగ్‌డమ్‌లోని మెయిన్ స్ట్రీట్‌లో ముచ్చటైన పాతకాలపు క్షౌరశాల ఒకటి ఉంది, పిల్లలకి మొదటిసారి జుట్టు కత్తిరించి సర్టిఫికెట్ ఇస్తారు, మిక్కీ చెవుల టోపీ పెడతారు. వాడి పుట్టువెంట్రుకలు ఇంకా తీయించలేదన్నావు. అల్లుడుగారికి ఆ షాపు కనపడనివ్వకు. ఆ మొక్కు తిరుపతిదని మీ అత్తయ్యగారు పదిసార్లు చెప్పారు నాకు.

ఎత్తు కొలిచి ఈ వారంలో ఫోన్ చెయ్యి, తేదీలు కూర్చుని చూద్దాం. తిరుగు ప్రయాణానికి ముందు రెండు రోజులు మా ఇంటికి వచ్చేలా టికెట్లు తీసుకోండి, ఓర్లాండో నుంచి కారులో గంటన్నర కూడా పట్టదు. స్ట్రాలర్‌కి కట్టడానికి నా పాత గద్వాల్ చీర ఎర్రంచు చించి ఉంచాను, ఈ ఉత్తరంతోనే పోస్టులో పెడుతున్నాను.

మీ పెద్దమ్మ