టీబీకి ఎక్సోజోమ్ డ్రిప్ పెట్టిస్తే మాత్రలు ఆపేయొచ్చా?

ప్రశ్న: మా ఆయనకు 39 ఏళ్లు, ఆటో నడుపుతారు. మామూలు మందులకు లొంగని టీబీ అని చెప్పి ప్రభుత్వాసుపత్రిలో ఆరు నెలల కోర్సు మొదలుపెట్టారు. ఇప్పుడు నాలుగో నెల. దగ్గు తగ్గింది, కాస్త ఒళ్లు కూడా చేశారు. కానీ అరికాళ్లు మండుతున్నాయని, సూదులు గుచ్చినట్టు ఉందని రాత్రిళ్లు నిద్రపోవడం లేదు. తెలిసినవాళ్లు హైదరాబాద్‌లో ఒక క్లినిక్‌కు తీసుకెళ్లారు. మూలకణాల నుంచి తీసిన ఎక్సోజోమ్‌లను మూడుసార్లు డ్రిప్‌లో ఎక్కిస్తే టీబీ పూర్తిగా పోతుందని, ఈ మాత్రలు మానేయొచ్చని అక్కడ చెప్పారు. డోసుకు లక్షా ఇరవై వేలట. ఆటో అమ్మేద్దామంటున్నారు. వాళ్లిచ్చే సీసా ఫోటో పంపిస్తున్నాను. పెట్టించమంటారా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్ జిల్లా

జవాబు: ఆటో అమ్మొద్దమ్మా. మాత్రలు ఒక్క రోజు కూడా ఆపొద్దు. ఎక్సోజోమ్‌ల గురించి తర్వాత చెబుతాను, ముందు ఆయన కాళ్ల సంగతి చూద్దాం. ఆ మంటే లేకపోతే మీరు ఆ క్లినిక్ గడప తొక్కేవారే కాదేమో.

ఆరు నెలల కోర్సు అంటున్నారు కాబట్టి బెడాక్విలిన్, ప్రిటోమానిడ్, లినెజోలిడ్, మాక్సిఫ్లాక్సాసిన్ కలిపి ఇస్తూ ఉండాలి. వీటిలో లినెజోలిడ్‌కు నరాలను దెబ్బతీసే గుణం ఉంది. కొన్ని వారాలు, నెలలు వాడాక అరికాళ్లలో మంట, తిమ్మిరి, సూదులు గుచ్చినట్టు ఉండడం దానితో మేం తరచూ చూస్తాం. టీబీ ముదిరిందని కంగారు పడకండి. అలాగని సర్దుకుపోవద్దు కూడా. మాత్రలిచ్చే చోట రేపే చెప్పండి. లినెజోలిడ్ డోసును 600 మిల్లీగ్రాముల నుంచి 300కు తగ్గించడమో, కొన్నాళ్లు అదొక్కటే ఆపి చూడడమో డాక్టర్లు నిర్ణయిస్తారు. ఆ పని ఇంట్లో మీ అంతట మీరు చేయకూడదు. ఆయనకు షుగర్ ఉన్నా, తాగుడు అలవాటు ఉన్నా దాచకండి, ఆ రెండూ నరాలను ఇంకా పాడుచేస్తాయి. చూపు మసకబారినా, రంగులు వెలిసినట్టు కనిపించినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. ఈ కోర్సులో రక్త పరీక్ష, ఈసీజీ కూడా ఎప్పటికప్పుడు చేయించాలి. చివరిసారి ఎప్పుడు చేశారో కార్డులో చూడండి.

ఇక ఎక్సోజోమ్‌లు. మన ఒంట్లోని కణాలు బయటికి వదిలే అతి చిన్న బుడగలివి. సైజు 30 నుంచి 150 నానోమీటర్లు, మామూలు మైక్రోస్కోప్‌కు కూడా అందవు. లోపల ప్రొటీన్లు, కొవ్వులు, చిన్న చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్కలు ఉంటాయి. 1983లో ఇంకా పూర్తిగా ఎదగని ఎర్ర రక్తకణాల్లో వీటిని తొలిసారి గమనించారు. చాలా ఏళ్లు వీటిని కణాలు పారేసే చెత్త సంచులనే అనుకున్నారు. ఒక కణం నుంచి ఇంకో కణానికి సంకేతాలు వీటి ద్వారా కూడా వెళ్తాయని తర్వాతే తేలింది.

మూలకణాలంటే రకరకాల కణాలుగా మారగలిగే కణాలు. వాటితో ముడి ఎక్కడ పడిందంటే, ఎముక మజ్జ నుంచో బొడ్డుతాడు నుంచో తీసిన మూలకణాలను రక్తంలోకి ఎక్కిస్తే చాలావరకు ఊపిరితిత్తుల సన్న రక్తనాళాల్లో చిక్కుకుని కొద్ది రోజుల్లోనే చనిపోతాయి. అయినా జంతువుల్లో కొంత మేలు కనిపించేది. అంటే పని చేస్తున్నది కణం కంటే అది వదిలిన సరుకేమో అన్న అనుమానం వచ్చింది. ఎక్సోజోమ్‌లైతే కణాల్లా పెరగవు, కణితి కట్టే భయం తక్కువ, నిల్వ చేయడమూ సులువు. అందుకే పరిశోధకులు వీటి వెంట పడ్డారు. అందులో మోసమేమీ లేదు, నాకూ ఈ రంగం మీద ఆసక్తి ఉంది.

ఇన్ఫెక్షన్ల విషయంలో తేలిందెంత? ఎలుకల్లో ఈ-కోలి బ్యాక్టీరియాతో న్యుమోనియా తెప్పించి, మూలకణాలు వదిలిన బుడగలు ఇస్తే వాపు తగ్గింది, బ్యాక్టీరియా కూడా తగ్గింది. మనుషుల్లో ఎక్కువగా చూసింది కోవిడ్‌లో. 2020లో అమెరికాలో 24 మందికి ఇచ్చారు, పోల్చి చూడడానికి ఇంకో గుంపు లేదు. తర్వాత 102 మందితో, కొందరికి ఉత్తుత్తి మందు ఇచ్చి పోల్చిన అధ్యయనం 2023లో అచ్చయింది. కొన్ని వర్గాల రోగుల్లో ఆశ కలిగించే ఫలితాలు వచ్చాయి. అయితే ఆ రోగుల సమస్య వేరు. వైరస్ మీద ఒళ్లు చూపించిన అతి కోపం వల్ల వాళ్ల ఊపిరితిత్తులు నీరు పట్టాయి. ఎక్సోజోమ్‌ల నుంచి ఆశించింది ఆ కోపాన్ని చల్లార్చడం. టీబీలో క్రిమి చావాలి. క్రిమిని గదిలో పెట్టి తాళం వేసినట్టు కాపలా కాస్తున్న రోగనిరోధక శక్తిని, క్రిమిని చంపే మందు లేకుండా చల్లారిస్తే ఏమవుతుందో ఆలోచించండి. మెదడు పొరలకు టీబీ సోకినప్పుడు మేం కూడా వాపు తగ్గడానికి స్టెరాయిడ్లు ఇస్తాం. కానీ టీబీ మాత్రల అండ లేకుండా ఎప్పుడూ ఇవ్వం.

టీబీలో మూలకణాలు అసలు ప్రయత్నించలేదా అంటే, ప్రయత్నించారు. బెలారస్‌లో మొండి టీబీ ఉన్న 30 మందికి వాళ్ల మజ్జలోంచే తీసిన కణాలను ఎక్కించిన ఫలితాలు 2014లో వచ్చాయి. అవి కణాలు, ఎక్సోజోమ్‌లు కాదు. పైగా వాళ్లందరూ టీబీ మందులు వాడుతూనే ఉన్నారు. ఒంటికి పడుతుందా లేదా అన్నదే అక్కడ ముఖ్యంగా చూశారు. ఇంకో సంగతి ఆ క్లినిక్ వాళ్లు చెప్పి ఉండరు. టీబీ క్రిమి దాక్కునే చోట్లలో ఈ మూలకణాలే ఒకటి. క్రిమి ఈ కణాలను తన చుట్టూ చేర్చుకుని రోగనిరోధక శక్తిని అణిచివేయిస్తుందని 2010లో ఢిల్లీ పరిశోధకులు ఎలుకల్లో చూపించారు. చికిత్స పూర్తయిన మనుషుల మజ్జలో క్రిమి ఈ కణాల్లోనే దాక్కుని ఉండడాన్ని 2013లో ఇంకో బృందం చూపించింది. కాబట్టి మూలకణం అనగానే టీబీకి శత్రువు అనుకోవడానికి లేదు.

మీ ఆయన వాడుతున్న మాత్రల సంగతి చూడండి. అదే బెలారస్‌తో పాటు దక్షిణాఫ్రికా, ఉజ్బెకిస్థాన్‌లలో 550 మందికి పైగా రోగులతో చేసిన ట్రయల్‌లో ఈ నాలుగు మందుల కోర్సు తీసుకున్నవాళ్లలో 89 శాతం మందికి మంచి ఫలితం వచ్చింది, పాత పద్ధతిలో 52 శాతమే. ఇంత బలమైన మందును నాలుగో నెలలో వదిలేస్తే మిగిలిన క్రిములు ఈ మందులకు కూడా అలవాటు పడతాయి. ఆ తర్వాత మా చేతిలో ఉండే మందులు తక్కువ. అది ఆయనతో ఆగదు, ఇంట్లో పిల్లలకూ అదే మొండి క్రిమి అంటుకోవచ్చు.

మీరు పంపిన ఫోటో పెద్దది చేసి చూశాను. సీసా మీద ఇన్ని వందల కోట్ల కణికలు అని గొప్పగా ఉంది. ఆ లెక్కలో ఎక్సోజోమ్‌లే కాదు, ఆ సైజులో ఉన్న ప్రతి ముక్కా కలిసిపోవచ్చు. ఎన్ని ఉన్నాయన్నది ఎంత పనిచేస్తాయన్నదానికి కొలత కాదు. కింద చిన్న అక్షరాల్లో ఇంగ్లిష్‌లో ఒక వాక్యం ఉంది: చర్మం పైపూతకు మాత్రమే. ముఖానికి రాసుకునే సరుకును నరంలోకి ఎక్కిస్తామంటున్నారన్నమాట. ఇది చూశాక నాకు నిజంగా టెన్షన్ వచ్చింది. అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రంలో ఇలాంటి అనుమతి లేని ఎక్సోజోమ్ సరుకు వాడినవాళ్లు తీవ్రంగా జబ్బుపడితే, 2019 డిసెంబరులో అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ప్రజలకు హెచ్చరిక జారీ చేసింది.

మన దేశంలో 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం మూలకణాల నుంచి తయారైన మందు కొత్త మందు కిందికి వస్తుంది. కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి కావాలి. టీబీకి ఎక్సోజోమ్‌లు ఆమోదం పొందిన చికిత్స కాదు. ట్రయల్ అని చెబితే సీటీఆర్‌ఐ (మన దేశంలో ట్రయల్స్‌ను నమోదు చేసే జాబితా) నమోదు నంబరు, ఎథిక్స్ కమిటీ అనుమతి కాగితం అడగండి. ట్రయల్‌లో పరీక్షిస్తున్న మందుకు రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. డోసుకు లక్షా ఇరవై వేలు అడిగారంటే అది ట్రయల్ కాదు, వ్యాపారం.

డబ్బు ఇబ్బంది ఉంటే, టీబీ రోగికి పోషకాహారం కోసం నెలకు 1000 రూపాయలు బ్యాంకు ఖాతాలో పడాలి. పడకపోతే, లేదా కాళ్ల మంట గురించి స్థానికంగా పట్టించుకోకపోతే, ప్రభుత్వ టీబీ హెల్ప్‌లైన్ నిక్షయ్ 1800-11-6666కు ఫోన్ చేయండి. హైదరాబాద్ దాకా ఎలాగూ వెళ్లగలరు కాబట్టి ఈసారి ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రికి వెళ్లండి. పాత రిపోర్టులన్నీ, ముఖ్యంగా గళ్ల కల్చర్ (గళ్లలోని క్రిమిని ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్ష) ఫలితాలు పట్టుకెళ్లండి.

ఒకవేళ ఈలోపే ఒక డోసు ఎక్కించి ఉంటే భయపడి దాచకండి. జ్వరం, చలి వణుకు, ఆయాసం, ఒంటి మీద దద్దుర్లు వస్తే అర్జంటుగా పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి, ఖాళీ సీసా కూడా పట్టుకెళ్లండి.

– పల్మనాలజిస్ట్