ఇంటర్‌కామ్ లైన్‌కు ఎన్ని టెర్మినేషన్లు?

ప్రశ్న: మైలాపూరులోని ఒక సభా మందిరంలో సౌండ్ విభాగంలో పనిచేస్తున్నాను. మా సిబ్బంది హెడ్‌సెట్లలో మాట్లాడుకునేది క్లియర్‌కామ్ అనే కంపెనీ పద్ధతి టూ-వైర్ ఇంటర్‌కామ్ మీద. మెయిన్ స్టేషన్ కంట్రోల్ రూములో, పది బెల్ట్‌ప్యాక్‌లు (హెడ్‌సెట్ తగిలించే, నడుముకు పెట్టుకునే చిన్న పెట్టెలు) వేదిక చుట్టూ ఉంటాయి. డిసెంబరు కచేరీల చిత్రీకరణకు వచ్చే ఓబీ వ్యాన్‌తో (బయటి చిత్రీకరణల ప్రసార వాహనం) మాట్లాడేందుకు ఒక ఫోర్-వైర్ ఇంటర్‌ఫేస్‌ను అద్దెకు తెచ్చాం. దాన్ని లైన్‌కు కలపగానే అందరి హెడ్‌సెట్లలోనూ మాట సన్నబడింది. వ్యాన్‌లోని వారికి తమ గొంతే తిరిగి వినిపిస్తోంది. ఆ ఇంటర్‌ఫేస్ పెట్టె మీద టెర్మినేషన్ (లైన్‌కు అడ్డంగా కలిపే రెసిస్టర్) స్విచ్ ఉంది. దీపాలను నియంత్రించే డీఎమ్‌ఎక్స్ లైన్‌కు లాగే కేబుల్ చివర టెర్మినేషన్ ఉండి తీరాలని మా లైటింగ్ మిత్రుడు అంటాడు. ఆ స్విచ్ వేసి ఉంచాలా, తీసేయాలా?
— ఒక పాఠకుడు, చెన్నై

జవాబు: తీసేయాలి. మీ మెయిన్ స్టేషన్‌లో టెర్మినేషన్ ఇప్పటికే ఉంది కనుక, అదే ఛానెల్‌కు రెండోది ఉండకూడదు.

మీ మిత్రుడి మాట డీఎమ్‌ఎక్స్ విషయంలో అక్షరాలా నిజం. అక్కడ డేటా సెకనుకు 2,50,000 బిట్ల వేగంతో పోతుంది కాబట్టి, చివరన 120 ఓమ్‌ల రెసిస్టర్ లేకపోతే సిగ్నల్ వెనక్కి పరావర్తనం చెంది డేటాను పాడుచేయవచ్చు. ఇంటర్‌కామ్‌లో ప్రయాణించేది మనిషి మాట. 3,400 హెర్ట్జ్‌ల ధ్వని సంకేతానికి కేబుల్‌లో తరంగదైర్ఘ్యం దాదాపు 60 కిలోమీటర్లు ఉంటుంది. మీ మందిరంలోని వంద, రెండు వందల మీటర్ల తీగలో పరావర్తనం గురించి ఆలోచించవలసిన పనే లేదు. ఇక్కడ టెర్మినేషన్ చేసే పని వేరు. ప్రతి బెల్ట్‌ప్యాక్ తన మైక్ సంకేతాన్ని కరెంటు రూపంలో లైన్‌లోకి పంపుతుంది, ఆ కరెంటు 200 ఓమ్‌ల లోడ్ గుండా ప్రవహించినప్పుడు ఏర్పడే వోల్టేజినే మిగతా అందరూ వింటారు. అంటే మాట ఎంత గట్టిగా వినిపించాలో నిర్ణయించేది ఆ ఒక్క లోడే. అది కేబుల్‌లో ఏ చివరన ఉందన్నది ముఖ్యం కాదు, ఒక్కటే ఉండడం ముఖ్యం.

లెక్క చూడండి. బెల్ట్‌ప్యాక్ ఒక్కొక్కటి లైన్‌కు 10,000 ఓమ్‌లకు పైగానే కనిపిస్తుంది. మీ పదీ కలిసి, తక్కువలో తక్కువగా, 1,000 ఓమ్‌లు అనుకున్నా, 200తో సమాంతరంగా చేరితే సుమారు 167 ఓమ్‌లు వస్తాయి. తగ్గేది ఒకటిన్నర డెసిబెల్ మాత్రమే, చెవికి పెద్దగా తెలియదు. అదే రెండో 200 ఓమ్‌ల టెర్మినేషన్ చేరితే లోడ్ సగమై, మాట 6 డెసిబెల్‌లు పడిపోతుంది. మీరు విన్నది ఇదే. పూర్తిగా టెర్మినేషన్ లేకుండా చేయడం ఇంకా ప్రమాదకరం: లెవెల్ పెరిగిపోయి, నాలుగైదు మైకులు తెరిచి ఉంటే లైన్ మొత్తం కూత పెట్టడం మొదలవుతుంది. కచేరీ నడుస్తుండగా తెర పక్కన నిలబడ్డవారి హెడ్‌సెట్ నుంచి ఆ కూత బయటికి వినిపిస్తే కళాకారులకు ఎంత ఇబ్బందో మీకు చెప్పనక్కరలేదు.

వ్యాన్‌లో వినిపిస్తున్న ప్రతిధ్వని కూడా దీనితో ముడిపడినదే. టూ-వైర్‌లో రాకపోకలు రెండూ ఒకే తీగ మీద జరుగుతాయి. ఫోర్-వైర్‌లో అవి వేరువేరు. వ్యాన్ నుంచి వచ్చిన మాట తిరిగి వ్యాన్‌కే పోకుండా ఇంటర్‌ఫేస్‌లోని హైబ్రిడ్ సర్క్యూట్ దాన్ని రద్దు చేస్తుంది. ఈ సర్దుబాటునే నల్లింగ్ అంటారు. అది లైన్ ఇంపెడెన్స్ (ఆడియో సంకేతానికి లైన్ చూపే నిరోధం) మీద ఆధారపడుతుంది కనుక, 200 ఓమ్‌ల లైన్‌కు సరిపడేలా ఉన్న సర్దుబాటు 100 ఓమ్‌ల దగ్గర పనిచేయదు. అందువల్ల ముందు టెర్మినేషన్ సరిచేసి, కచేరీ రోజున ఉండబోయే కేబుళ్లు, బెల్ట్‌ప్యాక్‌లు అన్నీ కలిపి, మైకులన్నీ ఆపించి, ఆ తరువాతే నల్లింగ్ చేయండి. పొడవైన కేబుల్‌కు ఉండే కెపాసిటెన్స్ కూడా దీన్ని మారుస్తుంది కాబట్టి తరువాత కొత్త తీగ లాగితే మళ్లీ చేయవలసి ఉంటుంది. స్వయంగా నల్లింగ్ చేసుకునే పెట్టెలు లైన్‌లోకి టోన్ పంపుతాయి. ముందే చెప్పి అందరి చేత హెడ్‌సెట్లు తీయించడం మర్యాద.

స్విచ్ తీశాక కూడా మాట సన్నగానే ఉంటే, పెట్టె లోపల జంపర్ (టెర్మినేషన్‌ను కలిపి ఉంచే చిన్న ముక్క) ఉందేమో చూడండి. అద్దె సామానులో ఇంతకుముందు వాడినవారి అమరిక అలాగే ఉండిపోవడం మామూలే. మల్టీమీటర్‌తో ఓమ్‌లు కొలిచి తేల్చుకోవాలని చూడకండి, టెర్మినేషన్ సాధారణంగా ఆడియోకు మాత్రమే 200 ఓమ్‌లుగా ఉంటుంది. ఆర్‌టీఎస్ అనే మరో కంపెనీ పద్ధతిలో ఒకే పిన్ మీద ఆడియోతో పాటు సుమారు 32 వోల్టుల డీసీ కూడా నడుస్తుంది. అక్కడ 200 ఓమ్‌ల రెసిస్టర్‌ను నేరుగా పెడితే అది 5 వాట్ల వేడిని భరించాలి, అందుకే కెపాసిటర్ ద్వారా కలుపుతారు. నమ్మదగిన పరీక్ష వినడమే: మెయిన్ స్టేషన్, రెండు బెల్ట్‌ప్యాక్‌లతో మాట్లాడుతూ ఇంటర్‌ఫేస్ కేబుల్‌ను కలిపి, తీసి చూడండి. మాట స్థాయి దాదాపు మారకూడదు.

మెయిన్ స్టేషన్ లేని చోట, ఇంటర్‌ఫేస్ నుంచే నాలుగు బెల్ట్‌ప్యాక్‌లు నడపవలసి వస్తే మాత్రం దాని టెర్మినేషన్ వేయాలి. కొన్ని పెట్టెల్లో లైన్‌కు విద్యుత్తు, టెర్మినేషన్ రెండూ ఒకే స్విచ్‌తో వస్తాయి. అలాంటి పెట్టెను తిరిగి మీ మందిరం లైన్‌కు తగిలించే ముందు ఆ స్విచ్ తప్పనిసరిగా తీసేయండి.