మ్యూటూ లేకుండా విషంతో గెలవాలంటే: వీజింగ్–మక్ డెక్‌లో ఏం తీయాలి, ఏం ఉంచాలి

మీరు అడిగింది ఇదీ: ఫోన్‌లో ఆడే కార్డుల ఆట పోకెమాన్ టీసీజీ పాకెట్‌ని డబ్బు పెట్టకుండా ఆడుతున్నారు, మ్యూటూ ఈఎక్స్ (ఈఎక్స్ అంటే మామూలు వాటికన్నా బలమైన కార్డు, కానీ పడిపోతే ఎదుటివాడికి రెండు పాయింట్లు) దొరకలేదు. అందుకని వీజింగ్, మక్, ఆర్బాక్ మూడింటినీ పెట్టి విషం డెక్ (ఎదుటి పోకెమాన్‌కి విషం ఎక్కించి, ప్రతి వంతు చివరా 10 తీసే కార్డుల కట్ట) కట్టారు. ఆడటానికి సరదాగా ఉంది గానీ గెలుపు రావట్లేదు. ఏం మార్చాలి?

నేను ఉండేది పర్లాకిమిడిలో. ఈ డెక్‌ని చాలాకాలంగా ఆడుతున్నాను, ఎక్కువగా పాతపట్నంలో ఉన్న మా మేనల్లుడితో పాస్‌వర్డ్ పెట్టుకుని ప్రైవేట్ మ్యాచుల్లో. వాడి దగ్గర మ్యూటూ ఈఎక్స్, గార్డెవాయిర్ డెక్ ఉంది. నాకు ఈఎక్స్ కోసం ఎదురుచూసే ఓపిక లేదు. ప్యాక్ పాయింట్లతో ఒక ఈఎక్స్ కొనాలంటే 500 కావాలి, ప్యాకుకి వచ్చేది 5. రోజుకి రెండు ఉచిత ప్యాకులతో అది 50 రోజుల పని.

ముందుగా ఆర్బాక్‌ని తీసేయండి. మంచి కార్డే, కాదనను. అది కొడితే ఎదుటి పోకెమాన్ తర్వాతి వంతులో బెంచీకి, అంటే వెనక వేచి ఉండే వరసకి, పారిపోలేదు, కాబట్టి విషం వదిలించుకోలేదు. కానీ దెబ్బ కొట్టడానికి కావాల్సిన ఎనర్జీ వంతుకి ఒక్కటే వస్తుంది. మక్‌కి మూడు కావాలి. ఆర్బాక్‌కి ఒకటి వేశారంటే మక్ ఒక వంతు వెనకబడినట్టే.

ఈ డెక్ ప్రాణమంతా ఒకే వంతులో ఉంది. ముందు నిలబడ్డ వీజింగ్‌కి ఎనర్జీ అక్కర్లేదు, దాని గ్యాస్ లీక్ అనే శక్తి ఊరికే విషం ఎక్కిస్తుంది. ఈలోపు ఎనర్జీ అంతా బెంచీ మీదున్న మక్‌కే వేస్తూ ఉండండి. మూడు నిండిన వంతులో గ్యాస్ లీక్ వాడి, కోగా కార్డు వేస్తే వీజింగ్ చేతిలోకి తిరిగొస్తుంది. ఆ ఖాళీలోకి మక్ వస్తుంది. వెనక్కి తప్పుకోవడానికి ఎనర్జీలో కట్టే రిట్రీట్ ఖర్చు లేదు. మక్ కొట్టే దెబ్బ వెనోషాక్ 70, ఎదుటివాడికి విషం ఉంది కాబట్టి ఇంకో 50. మక్ డార్క్ రకం, మ్యూటూ ఈఎక్స్ బలహీనత అదే కాబట్టి మరో 20. మొత్తం 140. మ్యూటూ ఈఎక్స్‌కి ఉన్నది 150 హెచ్‌పీ, అంటే తట్టుకునే ప్రాణబలం. మీ వంతు ముగియగానే విషం ఇంకో 10 తీస్తుంది. సరిగ్గా సరిపోయింది, మీకు రెండు పాయింట్లు! మొదటిసారి ఇలా పడినప్పుడు మావాడు "ఇదేంటి మామా, పది మిగలాలి కదా" అని ఫోన్ చేశాడు.

అందుకే జియోవానీ కార్డుని కూడా తీసేయమంటాను. అదనపు 10 దెబ్బ చూడ్డానికి ఆశగానే ఉంటుంది. కానీ వంతుకి ఒక్క సపోర్టరే (కోగా, జియోవానీ లాంటి సాయం కార్డు) వేయగలం, ఆ వంతులో కోగా తప్పనిసరి. జియోవానీ చేతిలో కూర్చుని చూస్తూ ఉంటుంది, అంతే.

ఎదుటివాడి ముందున్న పోకెమాన్‌ని బెంచీకి నెట్టే సబ్రీనా ఉంచండి గానీ వరస తప్పొద్దు. విషం ఎక్కించాక సబ్రీనా వేస్తే ఆ పోకెమాన్ బెంచీకి వెళ్లి శుభ్రంగా కోలుకుంటుంది. ముందు సబ్రీనా, తర్వాత గ్యాస్ లీక్.

కాపీల సంగతి. 20 కార్డుల డెక్‌లో ఒక కార్డు రెండు ఉంటే, మొదటి ఐదు, ఆపైన తీసే మూడు కలిపి ఎనిమిది చూసేసరికి కనీసం ఒకటి వచ్చే అవకాశం సుమారు 65 శాతం. ఒక్కటే ఉంటే 40. ఇంకో రెండు కార్డులు తీయనిచ్చే ప్రొఫెసర్ ఒకసారి వేసి పది చూస్తే అవి 76, 50 అవుతాయి. అందుకని కోఫింగ్ (వీజింగ్‌గా ఎదిగేది), వీజింగ్, గ్రైమర్ (మక్‌గా ఎదిగేది), మక్, కోగా, ప్రొఫెసర్, పోకే బాల్ (డెక్‌లోంచి ఒక బేసిక్ పోకెమాన్ తెచ్చేది) అన్నీ రెండేసి. అక్కడికి 14. సబ్రీనా రెండు, రిట్రీట్ ఖర్చు తగ్గించే ఎక్స్ స్పీడ్ రెండు, హెచ్‌పీ కొంత తిరిగిచ్చే పోషన్ రెండు. నా డెక్ ఇదే.

వీజింగ్ పోయిందని బెంగపడకండి. అది ఈఎక్స్ కాదు, పోతే ఒక్క పాయింటే. మ్యూటూ 150 దెబ్బ 110 హెచ్‌పీ వీజింగ్ మీద పడితే మీరు లాభపడ్డట్టే, ఎందుకంటే ఆ దెబ్బకి మ్యూటూ రెండు ఎనర్జీలు వదులుకుంటుంది. నిజంగా భయపడాల్సింది ఫైటింగ్ రకం పోకెమాన్ల డెక్‌లకి. వీజింగ్, మక్ రెండింటికీ అదే బలహీనత, ఆ మ్యాచుల్లో నాకు గెలుపు అరుదు.

మార్చేటప్పుడు ఒక్క కార్డే మార్చి, తెలిసినవాళ్లతో ప్రైవేట్ మ్యాచులు కొన్ని ఆడి చూడండి. గుణుపూర్ పాసింజర్‌లో ఆడి ఫలితం లెక్కేయొద్దు; సిగ్నల్ పోయి ఓడితే కార్డుది తప్పా, టవర్‌ది తప్పా తేలదు. ఎదుటివాడు జెయింట్ కేప్ అనే కార్డు తగిలిస్తే మాత్రం మ్యూటూకి 20 హెచ్‌పీ పెరిగి నా 150 లెక్క చెడుతుంది. అప్పుడు కోగా తొందరగా వేయకుండా, వీజింగ్‌ని ఇంకో వంతు ముందే ఉంచి విషాన్ని పనిచేయనివ్వండి: ఆ వంతు చివర ఒక 10, వాళ్ల వంతు చివర ఇంకో 10, కేప్ ఇచ్చిన 20 అక్కడికి పోయింది.