ఏ ప్రభుత్వం, ఏ తేదీ అని అడుగు

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

నీ మెసేజ్ చూశాను. వచ్చే ఆదివారం మీ ఊరి లైబ్రరీలో "కరోనాను ప్రభుత్వం సరిగ్గా ఎదుర్కొందా" అని చర్చ పెట్టారని, నడిపించే పని నీ నెత్తిన పడిందని, టెన్షన్‌గా ఉందని రాశావు. ఉండాల్సిందే. కొత్తపేట నుంచి రాజోలు దాకా ఏ ఊళ్లోనైనా మనవాళ్లని రాజకీయం మాట్లాడమనడానికి మైకు అక్కర్లేదు, ఆపమనడానికే కావాలి. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావని రాస్తున్నాను.

ముందు ఆ విషయం పేరు మార్చు. "ప్రభుత్వం" అన్నావంటే సభలో సగం మందికి ఢిల్లీ గుర్తొస్తుంది, కొందరికి అప్పటి ముఖ్యమంత్రి ఆఫీసున్న తాడేపల్లి, మిగతావాళ్లకి ఊళ్లో సచివాలయం. ఒకడు తిట్టేది ఒకరిని, ఇంకొకడు వెనకేసుకొచ్చేది మరొకరిని. గంటసేపు అరుచుకున్నాక చూస్తే ఇద్దరూ అసలు వేర్వేరు సంగతులు మాట్లాడారని తేలుతుంది. అందుకని ఎవరు లేచినా సరే, నువ్వు రెండే అడుగు. ఏ ప్రభుత్వం? ఏ తేదీన? ఆ రెండూ చెప్పలేనివాణ్ణి మర్యాదగా కూర్చోబెట్టు, గుర్తొచ్చాక మళ్లీ లేవమను.

లాక్‌డౌన్ సంగతి చూడు. 2020 మార్చి 24 రాత్రి 8 గంటలకు ప్రధాని టీవీలో చెప్పారు, అర్ధరాత్రి నుంచి అమలు. దేశం మొత్తానికి ఇచ్చిన వ్యవధి నాలుగు గంటలు. అది కేంద్రం నిర్ణయం, 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం కింద. ఆసుపత్రులు, మంచాలు, డాక్టర్లు రాష్ట్రం బాధ్యత, ఎందుకంటే రాజ్యాంగంలో ప్రజారోగ్యం రాష్ట్రాల జాబితాలో ఉంది. మరి ఊరి పొలిమేరలో తాటి దుంగలు అడ్డంగా పడేసి, ముళ్లకంప పరిచి, అట్టముక్క మీద "బయటివారికి ప్రవేశం లేదు" అని రాసి వేలాడదీసింది ఎవరు? దానికి ఏ జీవో లేదు. మన కుర్రాళ్లే. దాళ్వా (రెండో పంట వరి) కోతకొచ్చిన మిషను ఆ కంప దగ్గరే ఆగిపోయింది, డ్రైవరు పొరుగు జిల్లావాడని. కోత మిషన్లకు మినహాయింపు ఇస్తూ కేంద్రం మార్చి 27నే ఉత్తర్వు ఇచ్చింది. ఆ కబురు కంప దాటలేదు. గింజ రాలిపోయిన రైతు ఆదివారం వచ్చి "ప్రభుత్వం మమ్మల్ని ముంచేసింది" అంటే, ఆయన బాధ నిజమే, ఆ లెక్క ఢిల్లీ ఖాతాలో రాయడం మాత్రం అన్యాయం.

భీమవరం వైపు నుంచి ఎవరైనా వస్తే రొయ్యల గొడవ ఎత్తుతారు. ఎగుమతులు ఆగాయి, కొనేవాడు లేడు. చెరువులో ఉంచితే మేత ఖర్చు, పట్టిస్తే రేటు లేదు. రాష్ట్రం కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) వారీగా కనీస ధరలు ప్రకటించింది. ఆ ధర చెరువు గట్టు మీద చేతికొచ్చిందా లేదా అన్నది నువ్వో, కాలేజీ నుంచి వచ్చే వక్తో చెప్పేది కాదు. సరుకు అమ్ముకున్నవాణ్ణే చెప్పనివ్వు. అందరికీ రెండు నిమిషాలిస్తే అలాంటివాళ్లకి ఐదు ఇవ్వు. నాయకులకి మాత్రం ఒక్క క్షణం కూడా పెంచకు.

తేదీ ఎందుకు అడగమంటున్నానో చెబుతాను. 2020 మార్చి 15న రాష్ట్ర ఎన్నికల కమిషనర్ నిమ్మగడ్డ రమేష్ కుమార్ కరోనా కారణంగా స్థానిక ఎన్నికలు ఆరు వారాలు వాయిదా వేశారు. అప్పటి ముఖ్యమంత్రి జగన్ మండిపడ్డారు, ఎన్నికలు జరగాల్సిందే అన్నారు. ప్రతిపక్షం వాయిదాయే సరైనదంది. ఆ ఏడాది ఆఖరుకి వచ్చేసరికి కథ అడ్డం తిరిగింది. ఎన్నికలు పెడతానని కమిషనర్, కరోనా ఉంది వద్దని ప్రభుత్వం, పెట్టాల్సిందేనని ప్రతిపక్షం. చివరికి 2021 జనవరి 25న సుప్రీంకోర్టు అడ్డు చెప్పకపోవడంతో ఫిబ్రవరిలో నాలుగు విడతల్లో పంచాయతీ ఎన్నికలు జరిగాయి. ప్రజల ప్రాణాలు ముఖ్యం అన్న మాట ఇరుపక్షాలూ అన్నాయి, కాకపోతే వేర్వేరు నెలల్లో. తేదీ అడక్కపోతే ప్రతివాడూ తనకి అనుకూలమైన నెల పట్టుకుని ఎదుటివాణ్ణి కడిగేస్తాడు. ఈ ఒక్క ఉదాహరణ నువ్వే మొదట్లో చెప్పెయ్. రెండు పార్టీలవాళ్లూ కాస్త తగ్గి కూర్చుంటారు.

ఇంకోటి, మన గోదావరి వెటకారం. మీ ఊళ్లో దానికి కొదవేముంది! ఒకడు అప్పట్లో జగన్ చెప్పిన పారాసెట్మాల్, బ్లీచింగ్ పౌడర్ అంటాడు. వాడికి పోటీగా ఇంకొకడు ప్రధాని చెప్పిన పళ్లేలు వాయించడం, ఏప్రిల్ 5 రాత్రి దీపాలు పెట్టడం ఎత్తుతాడు. సభ గొల్లుమంటుంది, చర్చ అక్కడితో ఆఖరు. నవ్వుకోవద్దని నేననను, ఒక్కో పక్షానికి ఒక్క చెణుకు దాకా వదిలెయ్. రెండోది పడిందంటే మాత్రం "సరేనండీ, మీ పాయింటు చెప్పండి" అను. ఆ "అండీ" మర్చిపోకు. మన దగ్గర అండీ తగ్గిందంటే మాట నిజమైనా ఎవరూ వినరు.

లెక్కల దగ్గర జాగ్రత్త. రాష్ట్రంలో ఎక్కువ కేసులు తూర్పుగోదావరిలోనే అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. నిజమే. కానీ అది పాత తూర్పుగోదావరి, కోనసీమ, కాకినాడ విడిపోకముందుది. 2011 జనాభా లెక్కల్లో 51 లక్షల మందితో రాష్ట్రంలోకెల్లా పెద్ద జిల్లా. జనం ఎక్కువ ఉన్నచోట కేసులు ఎక్కువ ఉండటం వింత కాదు. అలాగని ఊరికే కొట్టిపారెయ్యడానికీ లేదు. 2021 జూన్ ఆఖర్లో రాష్ట్రమంతా సాయంత్రం 6 దాకా కర్ఫ్యూ సడలిస్తే మన జిల్లాకి మాత్రం మధ్యాహ్నం 2 దాకానే ఇచ్చారు, ఇక్కడ పాజిటివిటీ తగ్గలేదని. దాని గురించి అడగాల్సింది ఏమైనా ఉంటే అడగాలి. ఇక యానాం నుంచి వచ్చేవాళ్లు "మా దగ్గర అలా లేదు" అంటారు. వాళ్లది పుదుచ్చేరి ప్రభుత్వం, జనం 55 వేల పైచిలుకు. పోలిక కుదరదు.

చావుల లెక్క ఇంకా చిక్కు. ప్రభుత్వం రోజూ ఇచ్చిన బులెటిన్లో చెప్పింది ఒకటి, రిజిస్టరైన మరణాలు ఒకటి, అంచనా ఇంకొకటి. 2021 ఆఖరు దాకా దేశంలో అధికారిక లెక్క సుమారు 4.8 లక్షలు. ఆ రెండేళ్లకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మేలో ఇచ్చిన అంచనా 47 లక్షలు, దాని పద్ధతి మీద కేంద్రం గట్టిగా అభ్యంతరం చెప్పింది. జనన మరణాల రిజిస్టర్లలో చూస్తే 2020లో సుమారు 81 లక్షల మరణాలు నమోదైతే, 2021లో 1.02 కోట్లు. ఆ తేడా అంతా కరోనా అనలేం, నమోదు మెరుగుపడింది కూడా కొంత. కానీ టెస్టు లేకుండా ఇంట్లోనే పోయినవాళ్లు బులెటిన్లోకి ఎక్కలేదన్నది ఊళ్లల్లో ఉన్న మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఏ సంఖ్య చదివినా అది ఈ మూడిట్లో ఏదో చెప్పి చదవమను.

ఇప్పుడు అసలు కష్టమైన సంగతి. ఆ గదిలో ఇంటి మనిషిని పోగొట్టుకున్నవాళ్లు ఉంటారు. వాళ్లని ఎవరి వాదనకీ వాడుకోనివ్వకు. మా వీధిలో ఒకాయన 2021 మేలో పోయాడు. ఆయన భార్య ఆక్సీమీటర్ అంకెలు గోడ కేలండర్ మీద పాల లెక్క పక్కనే రాసేది. పొద్దున 94, మధ్యాహ్నం 91, సాయంత్రం 87. తర్వాత ఒక సభలో ఒక నాయకుడు ఆయన పేరెత్తి, మంచం దొరక్క చంపేశారని ఎదుటి పార్టీ మీద పడ్డాడు. ఆవిడ లేచి వెళ్లిపోయింది. నిజానికి 104 హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే మంచం దొరికిందట. తీసుకెళ్లడానికి బండే దొరకలేదు. ఆ మాట ఆవిణ్ణి అడిగినవాడు లేడు. మంచానికి బాధ్యులు ఒకరు, బండికి బాధ్యులు ఇంకొకరు. ఆవిడకి ఆ తేడా తెలుసు, మాట్లాడినవాడికి తెలీదు. నువ్వు ముందు రోజే అలాంటి ఇళ్లకి వెళ్లు. మాట్లాడతామంటే అందరికంటే ముందు వాళ్లనే పిలు. మేం మాట్లాడలేం అంటే ఎవరూ వాళ్ల పేరెత్తకూడదని సభ మొదట్లోనే చెప్పెయ్.

రెండో వేవ్ గురించి మాటొస్తే గొంతులు లేస్తాయి. తిరుపతి రుయా ఆసుపత్రిలో 2021 మే 10న ఆక్సిజన్ అందక 11 మంది పోయారని అధికారులే చెప్పారు. అదే నెలలో హైదరాబాద్ తీసుకెళ్తున్న మన అంబులెన్సుల్ని సరిహద్దులో ఆపారు. అది తెలంగాణ ప్రభుత్వం పెట్టిన ఆంక్ష, మే 14న ఆ రాష్ట్ర హైకోర్టే స్టే ఇచ్చింది. రెమ్‌డెసివిర్ కోసం పుస్తెలు తాకట్టు పెట్టినవాళ్లున్నారు. ఆ మందు వాడమని చెప్పలేమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 నవంబరులోనే అంది. ఆ సంగతి జనానికి ఎందుకు చేరలేదని అడగొచ్చు, అది మంచి ప్రశ్న.

నా అభిప్రాయం అడిగావు కాబట్టి చెబుతున్నా, సభలో చెప్పకు. అందరికంటే పెద్ద తప్పు టీకాల దగ్గర జరిగింది. 2021 మే 1 నుంచి 18 దాటినవాళ్లందరికీ అని చెప్పి, తయారైన టీకాల్లో కేంద్రం సగమే తీసుకుని, మిగతాది రాష్ట్రాలు, ప్రైవేటు ఆసుపత్రులు కొనుక్కోవాలంది. దొరకని సరుకుకి అందర్నీ పోటీకి దింపింది. జూన్ 7న మాట మార్చుకుని, 21 నుంచి 75 శాతం తానే కొంది. ఆ ఏడు వారాలు కేంద్రం ఖాతాలోనే రాయాలి. అదే జూన్ 20న మన రాష్ట్రంలో ఒక్కరోజులో 13 లక్షలకు పైగా డోసులు పడ్డాయి. వాలంటీర్ల వ్యవస్థ మీద నాకు ఎన్ని అభ్యంతరాలున్నా, ఇంటింటికీ తిరిగి పేర్లు రాసిన వాలంటీర్లు, ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు లేకపోతే అది అయ్యేది కాదు. రాష్ట్రానికీ మచ్చ ఉంది. చనిపోయినవారి కుటుంబాలకి 50 వేలు ఇవ్వాల్సింది రాష్ట్ర విపత్తు స్పందన నిధి నుంచి. ఆ నిధిలోంచి వేరే ఖాతాకి మళ్లించిన 1,100 కోట్లు వెనక్కి వెయ్యమని 2022 జులైలో సుప్రీంకోర్టు చెప్పాల్సొచ్చింది. కేంద్రం తప్పు, రాష్ట్రం మచ్చ, ఈ రెండిట్లో ఒకటే వినిపించి కూర్చునే వక్తని, రెండోదాని మీద మీ అభిప్రాయం ఏమిటండీ అని నువ్వే అడుగు.

చివర్లో చేతులెత్తించి ఎవరు గెలిచారో తేల్చకు. దాని బదులు మళ్లీ ఇలాంటిది వస్తే మనకేం ఉందో అడుగుతూ సమాచార హక్కు కింద ఒక దరఖాస్తు రాయించు. ఏరియా ఆసుపత్రిలో ఆక్సిజన్ ప్లాంటు ఉందా, ఉంటే ఇప్పుడు నడుస్తోందా, ఆఖరిసారి ఎప్పుడు నడిపి చూశారు, నడిపేవాడి పోస్టు భర్తీ అయిందా. జిల్లా ఆఫీసుకైతే ఫీజు 10 రూపాయలు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. కింద సంతకాలు రెండు పార్టీలవాళ్లవీ ఉండేలా చూడు.

ఆ కాగితం ముందు నాకు వాట్సాప్‌లో పెట్టు, చూసి పంపిస్తాను. ఆదివారం నేనూ వస్తాను కానీ నన్ను వేదిక మీదకి పిలవకు. నాకు మైకు ఇచ్చావంటే నీ రెండు నిమిషాల రూలు అక్కడే గంగలో కలుస్తుంది. అక్కయ్యకి మధ్యాహ్నం భోజనానికి ఉంటానని చెప్పు.

నీ మావయ్య